బడి బరువంతా ఒక్క కుర్చీ మీద

ప్రభుత్వ బడిలో ప్రధానోపాధ్యాయుడి (హెచ్‌ఎం) పని ప్రేయర్ గంట కంటే ముందే, ఫోన్‌లో మొదలవుతుంది. నిజామాబాద్ పట్టణంలోనైనా, బోధన్, ఎడపల్లి, రెంజల్, వర్ని మండలాల ఊరి బడిలోనైనా వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే కనిపించే మాట ఒకటే: ఫలానా వివరాలు మధ్యాహ్నం లోపు పంపాలి. యూడైస్ ప్లస్ పోర్టల్‌లో పిల్లల వివరాలు, యాప్‌లో ముఖ గుర్తింపు హాజరు, యూనిఫాం కొలతలు, పుస్తకాల లెక్క, భోజనం చేసినవారి సంఖ్య. చాలా బడుల్లో ఈ రాతకోతలకు గుమస్తా లేడు. ప్రాథమిక పాఠశాల హెచ్‌ఎం అయితే తన తరగతికి పాఠం చెబుతూనే ఇవన్నీ చూసుకోవాలి.

అన్నిటికంటే గుండె దడ పుట్టించేది మధ్యాహ్న భోజనం. సుప్రీంకోర్టు 2001లో ఇచ్చిన ఆదేశంతో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో ఈ పథకం మొదలైంది. ఆకలితో బడికొచ్చే పిల్లలకు ఇది ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు. ప్రాథమిక తరగతుల్లో పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, పై తరగతుల్లో 150 గ్రాములు. బస్తాలు తూచి దించుకోవాలి, రిజిస్టర్ రాయాలి, పురుగు పట్టకుండా చూడాలి. బిల్లులు ఆలస్యమైతే వంట చేసే మహిళలు ముందుగా వచ్చేది హెచ్‌ఎం దగ్గరికే. కిరాణా షాపులో ఉద్దెర ఇస్తలేరని వాళ్లు చెబితే ఆయన దగ్గర జవాబు ఉండదు, ఎందుకంటే బిల్లు మంజూరు ఆయన చేతిలో లేదు. 2013 జూలైలో బీహార్‌లోని గండామన్ గ్రామంలో విషం కలిసిన బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. పెద్దలు రుచి చూశాకే పిల్లలకు వడ్డించాలన్నది నిబంధన. పప్పు గిన్నె మూత తీసి, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, రిజిస్టర్‌లో సంతకం చేసే ఆ రెండు నిమిషాల్లో వందల మంది పిల్లల ప్రాణాల బాధ్యత ఆ సంతకం మీద ఉంటుంది.

ఈ ప్రాంతపు బతుకుతెరువు కూడా బడి గడప దాటి లోపలికి వస్తుంది. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదిగా పేరుపొందింది. 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికుల ఇళ్లలో జీతం ఆగింది, చెరకు రైతు వరికి మళ్లాడు. జిల్లాలో బీడీలు చుట్టే తల్లులు, గల్ఫ్‌కు వెళ్లిన తండ్రులు ఎందరో. ఫీజు అడగని బడే వీళ్లకు దిక్కు. కానీ తల్లిదండ్రుల సమావేశానికి పిలిస్తే అమ్మమ్మో, నాయనమ్మో వస్తుంది. పిల్లవాడు నాలుగు రోజులు రాకపోతే కారణం వెతుకుతూ ఇంటికి వెళ్లాల్సింది కూడా హెచ్‌ఎం, టీచర్లే. జూన్‌లో పిల్లలను బడిలో చేర్పించేందుకు బడిబాట పేరుతో ఇంటింటికీ తిరగాలి. పిల్లల సంఖ్య తగ్గితే నిధులూ తగ్గుతాయి: సమగ్ర శిక్ష పథకం లెక్కల ప్రకారం 30 మంది లోపు ఉన్న బడికి ఏడాదికి 10 వేలు, 100 మంది దాటితే 50 వేలు. సుద్దముక్క, కరెంటు బల్బు, కుళాయి మరమ్మతు అందులోంచే.

విద్యాహక్కు చట్టంలోని 27వ సెక్షన్ జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లను ఇతర పనులకు పెట్టకూడదంటుంది. అయినా 2024 నవంబరు 6న తెలంగాణలో ఇంటింటి కుటుంబ సర్వే మొదలైనప్పుడు ప్రాథమిక టీచర్లతోపాటు హెచ్‌ఎంలూ ఆ విధుల్లోకి వెళ్లారు, ప్రాథమిక బడులు ఒంటిపూట నడిచాయి. రెగ్యులర్ మండల విద్యాధికారి (ఎంఈఓ) లేని మండలంలో ఆ బాధ్యత కూడా ఒక హెచ్‌ఎంకే అదనంగా అప్పగిస్తారు.

పని ఎక్కువైనంత మాత్రాన మనిషి కుంగిపోడు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పింది ఇదే: పని ఒత్తిడి ఎక్కువగా ఉండి, ఆ పనిపై నిర్ణయాధికారం తక్కువగా ఉన్నప్పుడే మనసు దెబ్బతింటుంది. హెచ్‌ఎం కుర్చీకి ఈ మాట అచ్చంగా సరిపోతుంది. టీచర్ పోస్టు నింపడం, బిల్లు విడుదల చేయడం ఆయన చేతిలో లేవు. పదో తరగతి ఫలితాలకు మాత్రం జవాబు ఆయనే చెప్పాలి. నిద్ర పట్టకపోవడం, తలనొప్పి, బీపీ, ఇంట్లో చిన్న మాటకే విసుక్కోవడం, ఇష్టంగా చెప్పిన పాఠం కూడా భారంగా అనిపించడం ఈ ఒత్తిడి ఆనవాళ్లు.

ఒత్తిడిని తట్టుకునే మార్గాలను మనస్తత్వ శాస్త్రవేత్తలు లాజరస్, ఫోక్‌మన్ 1984లో రెండుగా చూశారు: సమస్యను పరిష్కరించుకోవడం, దానివల్ల కలిగే బాధను సర్దుకోవడం. మొదటిదానికి బడిలోనే వీలుంది. భోజనం ఒక టీచర్‌కు, యాప్‌లు కంప్యూటర్ తెలిసిన మరొకరికి, హాజరు మూడోవారికి అప్పగిస్తే హెచ్‌ఎంకు తరగతి గదుల్లోకి వెళ్లే తీరిక దొరుకుతుంది. దగ్గరి బడులన్నీ కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో తోటి హెచ్‌ఎంలతో కష్టం చెప్పుకోవడం చిన్న విషయం కాదు. తన ఒక్కడికే చేతకావడం లేదన్న బాధ అక్కడే సగం తగ్గుతుంది. సాయంత్రం ఒక సమయం దాటాక గ్రూపు మెసేజ్‌లు చూడననే నియమం, పొద్దున నడక రెండో కోవలోకి వస్తాయి. నిద్రలేమి, దిగులు వారాల తరబడి వదలకపోతే కేంద్రం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేసి, తెలుగులోనే కౌన్సెలర్‌తో మాట్లాడవచ్చు.