మీకు తెలుసా? రెండు బళ్ళాపురాలు, రెండు ‘రైట్’లు

బెంగళూరులో బస్సు బోర్డు తోక మాత్రం చదివి ఎక్కితే, చిక్కబళ్ళాపురం రావలసినవాళ్ళు దొడ్డబళ్ళాపురంలో దిగుతారు. బస్సయితే ఇంకో టికెట్టు కొనుక్కుని వెనక్కి రావచ్చు. క్రిప్టో వాలెట్‌తో తప్పు ఊళ్ళో దిగినవాడికి తిరుగు బస్సు ఉండదు. ఒక్క అక్షరం తేడాతో అచ్చం అసలుదానిలాగే కనిపించే నకిలీ సైటు తెరిచి, ‘క్లెయిమ్’ అన్న చోట నొక్కినవాళ్ళు ప్రపంచమంతటా ఉన్నారు. 2024లో హామ్‌స్టర్ కాంబాట్ అనే టెలిగ్రామ్ ఆటలో చిట్టెలుక బొమ్మను పొద్దస్తమానం నొక్కుతూ కూర్చున్న కుర్రాళ్ళను బాగేపల్లి, చింతామణి బస్టాండుల్లోనూ చూశాను. సెప్టెంబరు 26న ఆ ఆట టోకెన్లు పంచింది. ఆ పంపకాన్నే ఎయిర్‌డ్రాప్ అంటారు. నకిలీ సైట్లు ‘క్లెయిమ్’ ఎర వేసేది దాని పేరుతోనే.

మీకు తెలుసా? ఎయిర్‌డ్రాప్‌లలో తొలినాటిది ఏకంగా ఒక దేశానికే జరిగింది. 2014 మార్చి 25న ఐస్‌లాండ్ పౌరులకు తలా 31.8 చొప్పున అరోరాకాయిన్లు పంచడం మొదలుపెట్టారు. ఆ దేశ జనాభా అప్పటికి మూడు లక్షల ముప్పై వేల లోపు. 2011 జనాభా లెక్కల్లో మన చిక్కబళ్ళాపురం జిల్లా ఒక్కటే పన్నెండున్నర లక్షలు! ఆ నాణెం విలువ కొద్ది రోజుల్లోనే కుప్పకూలింది. 2020 సెప్టెంబరులో యూనిస్వాప్ అనే క్రిప్టో మార్పిడి వేదిక మాత్రం అంతకుముందు తమ సేవ వాడుకున్న ప్రతి వాలెట్‌కూ 400 టోకెన్లు ఇచ్చింది. ఆనాటి ధరలో అవి వెయ్యి డాలర్లకు పైమాటే. అర్హత లెక్క సెప్టెంబరు 1 నాటికే ముగిసింది. అంటే ఆ కానుక జరిగిపోయిన పనికి దక్కింది, ఆ రోజు కొత్తగా ఏదో నొక్కినందుకు కాదు. 2023 మార్చి 23న టోకెన్లు పంచిన ఆర్బిట్రమ్ అనే క్రిప్టో నెట్‌వర్క్ వాటిని తీసుకోవడానికి ఆరు నెలల గడువిచ్చింది. కాబట్టి ‘పది నిమిషాలే, త్వరపడండి’ అనే లింకు కనిపిస్తే ఫోను జేబులో పెట్టేసి టీ తాగిరండి.

ఆ మధ్య మా వీధి కుర్రాడొకడు ఫోను పట్టుకుని వచ్చాడు. “మామా, దుడ్డు ఒక్క పైసా కట్ కాలేదు. సైన్ చేయమన్నాడు, చేసినా. అంతే కదా?” అన్నాడు. ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ‘అంతే కదా’యే.

వాలెట్‌లో సంతకం ఎన్నో రకాలు. సైటులోకి రానివ్వమని చేసే సంతకం ఒకటి. దానివల్ల సాధారణంగా ప్రమాదం లేదు. ‘నా టోకెన్లను నువ్వు తీసుకోవచ్చు’ అని అనుమతించే సంతకం వేరు. దాన్ని అప్రూవల్ అంటారు. ఎంత తీసుకోవచ్చో అందులో అంకె ఉంటుంది. చాలా సైట్లు అక్కడ ‘ఎంతైనా’ అని పెడతాయి. ఆ ‘ఎంతైనా’ను పూర్తిగా రాస్తే 78 అంకెల సంఖ్య! సంతకం పెట్టి మొత్తం రాయకుండా ఇచ్చిన చెక్కు అది. అప్రూవల్‌కు కనీసం నెట్‌వర్క్ ఫీజు కట్ అవుతుంది కాబట్టి మనిషి ఒక్క క్షణం ఆగుతాడు. పర్మిట్ అనే ఇంకో పద్ధతిలో ఆ ఫీజు కూడా ఉండదు. మనం ఊరికే సంతకం చేస్తాం, దాన్ని బ్లాక్‌చెయిన్ మీదికి ఎక్కించే ఖర్చు దొంగే పెట్టుకుంటాడు. పైసా కట్ కాలేదన్నది ధైర్యపడాల్సిన విషయం కాదు, ఒళ్ళు దగ్గర పెట్టుకోవాల్సిన విషయం. వాలెట్ మోసాలను కనిపెట్టి చూసే స్కామ్ స్నిఫర్ సంస్థ లెక్కలో, 2024లో ఇలా సంతకాలు లాక్కునే ముఠాల వల్ల 3 లక్షల 32 వేల వాలెట్ల నుంచి దాదాపు 49 కోట్ల డాలర్లు పోయాయి.

మనకిది కొత్త కథేమీ కాదు. 2023లో కర్ణాటకలో స్థలం రిజిస్ట్రేషన్ పత్రాల మీది వేలిముద్రలను కాజేసి, ఆధార్ చెల్లింపుల ద్వారా బ్యాంకు ఖాతాలు ఊడ్చిన కేసులు బయటపడ్డాయి. డబ్బు పోయినవాళ్ళెవరూ పాస్‌వర్డ్ చెప్పలేదు, ఓటీపీ ఇవ్వలేదు. ఒక పనికి వేసిన వేలిముద్ర ఇంకో పనికి పోయింది. అప్పుడు అధికారులు ఆధార్ బయోమెట్రిక్ లాక్ చేసుకోమన్నారు. వాలెట్‌లోనూ అలాంటి తాళం ఒకటుంది, దాని మాట తర్వాత.

ముందు సర్దుకోవాల్సింది ఇల్లు. సంతకు పోయేటప్పుడు బీరువా మోసుకుపోం కదా! ఎయిర్‌డ్రాప్‌ల కోసం విడిగా ఒక వాలెట్ పెట్టుకుని, అందులో నెట్‌వర్క్ ఫీజుకు సరిపడా చిల్లర మాత్రం ఉంచాలి. ఇక్కడే చాలామంది పొరబడతారు. పాత వాలెట్ యాప్‌లో ‘కొత్త ఖాతా’ తెరిస్తే అది విడి వాలెట్ కాదు. అదే సీడ్ ఫ్రేజ్ నుంచి, అంటే వాలెట్‌కు మూలమైన అవే పన్నెండు మాటల నుంచి పుట్టిన తోబుట్టువు. ఒక ఖాతాలో చేసిన అప్రూవల్ రెండోదాన్ని తాకదన్నది నిజమే. కానీ ఆ పన్నెండు మాటలు బయటపడితే రెండూ ఖాళీ. కొత్త సీడ్ ఫ్రేజ్‌తోనే మొదలుపెట్టాలి.

మరి ఎయిర్‌డ్రాప్ మీ అసలు వాలెట్‌కే వచ్చిందనుకోండి. యూనిస్వాప్ కథ చూశాం కదా, పాత వాడకానికే ఇస్తారు, కాబట్టి తరచూ అలాగే జరుగుతుంది. అప్పుడు వరస తిప్పాలి. క్లెయిమ్ ఫీజుకు చిల్లర ఉంచి, అందులోని మిగతా సొమ్మంతా ముందు ఇంకో వాలెట్‌లోకి మార్చి, ఖాళీ అయిన ఇంట్లోంచి క్లెయిమ్ చేయాలి. మార్చడానికి కొంత ఫీజు అవుతుంది. దానికి వెనకాడొద్దు.

మీకు తెలుసా? సీడ్ ఫ్రేజ్ మాటలు 2,048 మాటల ఒక పట్టికలోంచి వస్తాయి. 2013లో తయారైన ఈ ప్రమాణం పేరు బిప్-39. ఇంగ్లీషు, జపనీస్, కొరియన్, స్పానిష్, చైనీస్, ఫ్రెంచ్, ఇటాలియన్, చెక్, పోర్చుగీస్ పట్టికలు ఉన్నాయి. తెలుగు లేదు, కన్నడ లేదు, హిందీ కూడా లేదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, ఫోనులో ఇంగ్లీషుగా బతికే మన సరిహద్దు పిల్లలకు ఇది చిన్న విషయం కాదు. ఆ మాటలను తెలుగు లిపిలో రాసిపెట్టుకున్నారంటే చిక్కే. ఇంగ్లీషు పట్టికలో ‘కుడి’ అనే అర్థం వచ్చే రైట్ ఉంది, ‘రాయడం’ అనే రైట్ కూడా ఉంది. ఒకటి ఆర్‌తో మొదలవుతుంది, ఇంకోటి డబ్ల్యూతో. తెలుగులో రాస్తే రెండూ ఒకటే! పట్టికలో ఒక సదుపాయం కూడా ఉంది. ఏ రెండు మాటలకూ మొదటి నాలుగు అక్షరాలు కలవవు. కాబట్టి ఇంగ్లీషు అక్షరాల్లో, వరస నంబర్లతో, మొదటి నాలుగు అక్షరాలైనా తప్పు లేకుండా రాయాలి.

రాసేది కాగితం మీద. ఫోటో తీయొద్దు, స్క్రీన్‌షాట్ వద్దు. 2025 ఫిబ్రవరిలో కాస్పర్‌స్కీ సంస్థ స్పార్క్‌క్యాట్ అనే దొంగ ప్రోగ్రామును బయటపెట్టింది. అది ఫోను గ్యాలరీలోని బొమ్మలను చదివి సీడ్ ఫ్రేజ్‌లను ఏరుకుంటుంది. అది దాగి ఉన్న యాప్‌లు గూగుల్ ప్లే స్టోర్‌లోనూ, ఆపిల్ స్టోర్‌లోనూ దొరికాయి.

అడగని టోకెన్లు వాలెట్‌లోకి వచ్చి పడితే ఏం చేయాలి? ఏమీ చేయొద్దు. 2022 జులైలో యూనిస్వాప్ పేరు పెట్టుకున్న దొంగ టోకెన్లు 70 వేలకు పైగా వాలెట్లలోకి వచ్చి పడ్డాయి. వాటి వెంట పోయి నకిలీ సైటులో సంతకం చేసినవాళ్ళు కోట్ల రూపాయల విలువైనవి పోగొట్టుకున్నారు. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. 2025 జులైలో నందికొండ మీద కూర్చున్న కర్ణాటక మంత్రివర్గం బాగేపల్లిని భాగ్యనగరగా మార్చాలని తీర్మానించింది. బోర్డు మారినంత మాత్రాన మన పొలం సర్వే నంబరు ఇంకొకరిదైపోదు. టోకెన్‌కు ఆ సర్వే నంబరు దాని కాంట్రాక్ట్ అడ్రస్. సంస్థ సొంత సైటులో ప్రకటించిన అడ్రస్‌తో దాన్ని మొదటి నుంచి చివరి దాకా సరిచూడాలి. మొదటి నాలుగు, చివరి నాలుగు చూసి సరిపెట్టుకోకూడదు.

ఇక ఆ తాళం సంగతి. వాలెట్‌లో ‘డిస్‌కనెక్ట్’ నొక్కితే అనుమతులు పోతాయని అనుకుంటారు. పోవు. సైటుకు మన అడ్రస్ కనిపించడం మాత్రమే ఆగుతుంది. ఇచ్చిన అప్రూవల్ బ్లాక్‌చెయిన్ మీద అలాగే ఉంటుంది, యాప్ తీసేసినా ఉంటుంది. దాన్ని విడిగా ‘రివోక్’ చేయాలి. ఈథర్‌స్కాన్, రివోక్ డాట్ క్యాష్ అనే సైట్లలో మన అడ్రస్ మీద ఎవరెవరికి అనుమతి ఉందో జాబితా కనిపిస్తుంది. రివోక్ చేయడానికీ కొంచెం ఫీజు అవుతుంది, ఏ నెట్‌వర్క్‌లో ఇచ్చింది ఆ నెట్‌వర్క్‌లోనే రద్దు చేయాలి. ఎయిర్‌డ్రాప్ అయిన సాయంత్రమే ఈ పని చేసుకుంటే మేలు.

పన్ను మాట కూడా ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి క్రిప్టో అమ్మకపు లాభం మీద 30 శాతం పన్ను, దానిపైన సెస్సు. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తీసేయనివ్వరు. ఆ ఏడాది జులై 1 నుంచి ఒక శాతం టీడీఎస్ కూడా. టోకెన్ వచ్చిన తేదీ, ఆ రోజు ధర నోటుబుక్కులో రాసుకుంటే మీ ఆడిటరు సంతోషిస్తాడు.

పొరపాటు జరిగిపోతే, రూపాయలు యూపీఐలోనో బ్యాంకులోనో పోయుంటే వెంటనే 1930కి ఫోను చేయాలి. సొమ్ము చేతులు మారకముందే ఖాతాను స్తంభింపజేసే అవకాశం ఉంటుంది. చిక్కబళ్ళాపురంలో సైబర్ నేరాలకు సెన్ పోలీస్ స్టేషన్ ఉంది. టోకెన్లే పోయుంటే వాటిని వెనక్కి లాగే బ్యాంకు ఏదీ లేదు. ‘ఇంత ఫీజు కడితే తెచ్చిపెడతాం’ అంటూ వచ్చేవాళ్ళు అదే దొంగతనానికి రెండో విడత. అయినా ఫిర్యాదు మాత్రం ఇవ్వండి.

ఆ కుర్రాడి వాలెట్ తెరిచి చూశాం. అనుమతుల జాబితాలో మూడున్నాయి, రెండు ఏమిటో వాడికే గుర్తు లేదు. మూడూ రద్దు చేశాడు. అదృష్టం, ఆ రోజు వాడు చేసింది పర్మిట్ సంతకం కాదు, సైటులోకి రానివ్వమని చేసేదే. తర్వాత కొత్త వాలెట్ తెరిచి, బడి నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపుకున్నాడు. పన్నెండు మాటలు రాసుకోవడం మొదలుపెట్టగానే నేను కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చున్నాను. “చూస్తే ఏమైతుంది మామా?” అన్నాడు. “నాకు కూడా చూపించొద్దు” అన్నాను.