ఉన్నికి వన్నె

హైదరాబాదు నగరమున నాంపల్లియందు ప్రతి సంవత్సరము జనవరి మాసమున గొప్ప వస్తుప్రదర్శనము ప్రారంభమగును. ప్రజలు దీనిని 'నుమాయిష్' అందురు. స్వదేశ వస్తువులకు ఆదరణ కల్పింపదలచి 1938వ సంవత్సరమున ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు దీనిని పబ్లిక్ గార్డెన్సులో ఆరంభించిరి. 1946లో ఇది ఇప్పటి మైదానమునకు మారినది. చలికాలపు సాయంకాలములందు ఇచ్చట కాశ్మీరు వర్తకుల శాలువల అంగళ్ళయొద్ద జనులు గుమిగూడుదురు. ఎరుపు, పసుపు, నీలము మొదలగు వన్నెలను చూచి ఆనందించువారు పెక్కుమంది. ఆ వన్నెలు ఉన్నికి ఎట్లు పట్టినవో యోచించువారు కొందరే.

నేడు అంగళ్ళలోని రంగులలో పెక్కు కర్మాగారములలో పుట్టినవి. 1856లో విలియం పెర్కిన్ అను పదునెనిమిదేండ్ల యువకుడు లండనులో కృత్రిమమైన ఊదారంగును కనుగొనెను. 1897 నుండి జర్మనీలో తయారైన కృత్రిమ నీలిమందు విపణికి వచ్చెను. అంతకు పూర్వము వస్త్రములకు రంగులిచ్చినవి ముఖ్యముగా చెట్లు, వేళ్ళు, పూవులు, పురుగులే. ఆ విద్య తెలిసిన గృహిణికి పెరడును అడవియును రంగుల కొట్టులు.

ఉన్ని మన వెండ్రుకల వలెనే మాంసకృత్తులతో ఏర్పడినది. అందుచేత నూలు కంటె ఉన్ని రంగును సులభముగా గ్రహించును. కాని గొఱ్ఱె మేని జిడ్డు దానిని అంటియుండును. కావున మొదట ఉన్నిని గోరువెచ్చని నీటిలో కుంకుడుకాయ రసముతో కడుగవలెను. పిదప పటికను కరిగించిన నీటిలో ఉంచి, మెల్లగా వేడిచేయవలెను. కిలో ఉన్నికి నూరు గ్రాముల పటిక చాలును. పటిక ఒకవైపు ఉన్నిని, మరియొకవైపు రంగును పట్టుకొని, రెండింటిని బంధించును. పటిక లేనిచో చాల రంగులు ఉతుకులో వెలిసిపోవును.

ఇక రంగు పెట్టుట. మోదుగ పూవులను నీటిలో కాచి వడగట్టినచో పసుపువన్నె వచ్చును. మంజిష్ఠ వేళ్ళు ఎరుపునిచ్చును. దానిమ్మ తొక్కల కషాయము పసుపువన్నెనిచ్చును. అందు కొంచెము అన్నభేదిని చేర్చినచో ఆ వన్నె నల్లబడును. అన్నభేది మితిమీరినచో ఉన్ని పెళుసగును. నీలిమందు తీరు వేరు. అది నీటిలో కరుగదు. కుండలో పులియబెట్టిన పిదపనే కరుగును. ఆ ద్రవములో ముంచి తీసిన ఉన్ని మొదట పసుపుపచ్చగా కనబడి, గాలి తగిలినంతనే చూచుచుండగా నీలముగా మారును.

ఈ పనికి తొందర పనికిరాదు. మరుగు నీటినుండి తీసి చన్నీటిలో వేసినను, గట్టిగా నలిపినను ఉన్ని ముడుచుకొని గడ్డకట్టును. రంగునీరు చల్లారువరకు ఉన్నిని అందే ఉంచి, నీడలో ఆరవేయవలెను.

రంగే అవసరము లేని ఉన్నియు కలదు. అది తెలంగాణ పల్లెల గొంగడి. దక్కనీ జాతి గొఱ్ఱెలలో నల్లనివి అధికము. ఆ నలుపు పుట్టుకతో వచ్చినది. కురుమల యిండ్లలో స్త్రీలు ఉన్నిని ఏకి వడకుదురు. ఆ దారమునకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గముపై గొంగడి నేయుదురు. నలుపు, తెలుపు, గోధుమవన్నెల ఉన్నిని పక్కపక్కన నేసినచో చారలు తామే ఏర్పడును. గొఱ్ఱెలకాపరికి గొంగడి వానలో గొడుగు, చలిలో దుప్పటి, రాత్రి పడక.

కాని ఈ నలుపునకు నేడు ముప్పు వాటిల్లినది. ఉన్నికి ధర తగ్గి, మాంసమునకు ధర పెరుగుటచే కాపరులు నెల్లూరు జాతి వంటి గొఱ్ఱెలను పెంచుచున్నారు. వాటికి ఉండునవి వెండ్రుకలే కాని నేతకు తగిన ఉన్ని కాదు. రంగుకుండ పగిలినచో మరియొకటి తెచ్చుకొనవచ్చును. నల్లని మంద అంతరించినచో ఆ వన్నెను ఏ అంగడిలోను కొనజాలము. మంద పోయినచో వడకుట మానుదురు; వడకుట మానినచో మగ్గము ఆగును.

నాంపల్లికి చెంతనే ఆబిడ్స్ కలదు. ఆల్బర్ట్ ఆబిద్ అను వర్తకుని దుకాణమును బట్టి దానికి ఆ పేరు వచ్చినది. అచటికి సమీపమున గన్‌ఫౌండ్రీలో ప్రభుత్వ హస్తకళల విక్రయశాల ఉన్నది. అట్టి చోట్లకు పోయిన విద్యార్థులు ఉన్ని వస్త్రమును చూచునపుడు ధర ఒక్కటియే అడుగరాదు. ఈ ఉన్ని ఏ మందది? ఈ వన్నె వేరునుండి వచ్చినదా, కర్మాగారమునుండి వచ్చినదా, లేక గొఱ్ఱె మేనిదేనా? ఇట్లు అడుగువారున్నచో అమ్మువాడు నేతగానిని అడుగును, నేతగాడు కాపరిని అడుగును. కొనువాని ప్రశ్న మందవరకు చేరినపుడే నల్లగొఱ్ఱెకు విలువ కలుగును.