తెరపై అంకె - దారి లెక్క

పూర్వం మన పల్లెల్లో దూరాన్ని కాలంతో కొలిచి చెప్పేవారు. ‘ఆ ఊరు ఇక్కడికి ఒక పూట ప్రయాణం’ అంటే వినేవారికి అర్థమయ్యేది. ఎడ్లు బలమైనవై, బండి తేలికై, బాట గట్టిదైతే మధ్యాహ్నానికే ఊరు చేరవచ్చు. వాన కురిసి బాట బురదైతే దీపాలు పెట్టే వేళ అవుతుంది. అంతమాత్రాన చెప్పినవాడు అబద్ధమాడినట్లు కాదు. అతడు చెప్పింది ఒక అంచనా. నేటి ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారులో చోదకుని ఎదుట తెరపై వెలిగే అంకె కూడా ఇటువంటిదే.

ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కారు రెండు శక్తులతో నడుస్తుంది. అందులో బ్యాటరీ, విద్యుత్ మోటారు ఒకవైపు, పెట్రోలు ఇంజను మరొకవైపు ఉంటాయి. రాత్రివేళ ఇంటివద్ద ప్లగ్గు ద్వారా బ్యాటరీని నింపుకోవచ్చు. అందులో శక్తి ఉన్నంతవరకు కారు ప్రధానంగా విద్యుత్తుతో నడుస్తుంది. అది తరిగిన తరువాత ఇంజను పనిలోకి దిగుతుంది. విద్యుత్తుతో ఇంకా ఎంత దూరం పోవచ్చునో తెలిపేదే తెరపై కనిపించే అంకె. ఆ అంకె ఎలా పుడుతుందో తెలియకపోతే చోదకుడు దానిని అతిగా నమ్ముతాడు. లేదా అకారణంగా అనుమానిస్తాడు.

ఒక ఉదాహరణ చూద్దాం. షెవ్రొలే వోల్ట్ అనే కారు 2010 డిసెంబరులో అమెరికా విపణిలోకి వచ్చింది. 2019లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది. దాని తొలి నమూనాలోని బ్యాటరీ సామర్థ్యం 16 కిలోవాట్ గంటలు. మన ఇంటి కరెంటు బిల్లు భాషలో చెప్పాలంటే 16 యూనిట్లు. అయితే కారు వాడుకొనేది అందులో సుమారు 10 యూనిట్లు మాత్రమే. బ్యాటరీని అంచులదాకా నింపినా, అడుగంటా ఖాళీ చేసినా దాని ఆయుష్షు తగ్గుతుంది. అందుచేత పైన కొంత, క్రింద కొంత శక్తిని తాకకుండా ఉంచుతారు. కాబట్టి అంచనాకు ఆధారం ఈ 10 యూనిట్లే.

ఇక లెక్క సులభం. కిలోమీటరుకు 0.18 యూనిట్ ఖర్చయితే 10 యూనిట్లతో సుమారు 55 కిలోమీటర్లు పోవచ్చు. అదే ఖర్చు 0.25 యూనిట్‌కు పెరిగితే 40 కిలోమీటర్లే వస్తాయి. బ్యాటరీ మారలేదు, మారింది దారి ఖర్చు. ఈ ఖర్చును నిర్ణయించే కారణాలలో మూడు ముఖ్యమైనవి.

మొదటిది వేగం. కారును అడ్డగించే గాలి నిరోధం వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగం నుండి 110 కిలోమీటర్లకు పెరిగితే, గాలిని చీల్చుకొని పోవడానికి ప్రతి కిలోమీటరుకు అయ్యే శక్తి దాదాపు రెట్టింపవుతుంది. రెండవది ఎత్తు. 1,700 కిలోగ్రాముల కారు 100 మీటర్ల ఎత్తు ఎక్కడానికి సుమారు అర యూనిట్ అదనంగా కావాలి. సమతలంపై రెండున్నర కిలోమీటర్లు నడిపే శక్తి అది. దిగేటప్పుడు మోటారే జనరేటరుగా మారి అందులో కొంత భాగాన్ని తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. అయితే ఖర్చయినదంతా తిరిగి రాదు.

మూడవది చలి. పెట్రోలు ఇంజనులో వ్యర్థంగా పోయే వేడి చాలా ఎక్కువ. శీతాకాలంలో ఆ వేడితోనే కారు లోపలి భాగాన్ని వెచ్చగా ఉంచుతారు. విద్యుత్ మోటారులో వృథా తక్కువ కనుక ఆ వెచ్చదనాన్ని బ్యాటరీ శక్తితోనే కొనుక్కోవాలి. నలభై నిమిషాల ప్రయాణంలో హీటరుకు 2 యూనిట్లు ఖర్చయితే, 10 యూనిట్లలో ఐదవ వంతు చక్రాలను తిప్పకుండానే కరిగిపోయినట్లు. పైగా చలిలో బ్యాటరీ అంతర్నిరోధం పెరుగుతుంది. చల్లని గాలి సాంద్రత కూడా ఎక్కువే.

ఇన్ని కారణాలుండగా రేపటి దారిని కారులోని కంప్యూటరు ఎలా ఎరుగును? అది ప్రధానంగా నిన్నటి దారినే ఆధారంగా తీసుకుంటుంది. పెట్రోలు ట్యాంకులో తేలే బెండు వలె బ్యాటరీలో శక్తిని నేరుగా చూపే సాధనం లేదు. వోల్టేజి, ఉష్ణోగ్రత, వచ్చిపోయే విద్యుత్ ప్రవాహం వీటిని గమనించి మిగిలిన శక్తిని లెక్కగడతారు. ఇటీవలి ప్రయాణాలలో కిలోమీటరుకు అయిన ఖర్చుతో దానిని భాగిస్తే తెరపై అంకె వస్తుంది. అంటే అందులో ఒక అంచనాపై మరొక అంచనా నిలిచి ఉన్నది.

డెట్రాయిట్ పరిసరాల్లో నివసించే ఒక ఉద్యోగిని ఊహించుకుందాం. అతని కార్యాలయం 25 కిలోమీటర్ల దూరంలో ఉన్నది. సెప్టెంబరులో తెరపై 58 కనిపించేది. పోయి రావడానికి 50 కిలోమీటర్లు. ఒక్క చుక్క పెట్రోలు ఖర్చు కాలేదు. మంచు కురిసే జనవరిలో అదే నిండు బ్యాటరీకి తెరపై 40 కనిపించింది. ఇల్లు ఇంకా 10 కిలోమీటర్లు ఉండగానే ఇంజను మొదలైంది. ‘బ్యాటరీ పాడైపోయింది’ అని అతడు దిగులుపడ్డాడు. అతడు చూడవలసింది కిలోమీటర్లను కాదు, యూనిట్లను. ఇంజను మొదలయ్యేలోగా మునుపటివలె సుమారు 10 యూనిట్లు ఖర్చయి ఉంటే బ్యాటరీ ఆరోగ్యంగానే ఉన్నట్లు. మళ్లీ వాతావరణం అనుకూలించిన రోజుల్లో కూడా 8 యూనిట్లకే ఇంజను మొదలవుతూ ఉంటే, అప్పుడు వయసు ప్రభావాన్ని శంకించవచ్చు.

కారు అమ్మేటప్పుడు ప్రకటించే దూరమూ ఇటువంటి అంచనాయే. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ తొలి వోల్ట్‌కు విద్యుత్తుతో 35 మైళ్లు, అంటే సుమారు 56 కిలోమీటర్ల దూరాన్ని నిర్ణయించింది. యూరపులో ఓపెల్ ఆంపెరా పేరుతో అమ్మిన దాని కవల కారుకు నాటి అక్కడి పరీక్షా విధానం 83 కిలోమీటర్లు ఇచ్చింది. యంత్రం ఒకటే, కొలిచే పద్ధతులు వేరు. కాబట్టి అంకెతోపాటు అది ఏ పరీక్షలో వచ్చిందో కూడా అడగాలి.

ఈ విషయం ఒక్క చోదకునికే పరిమితం కాదు. పూర్తి విద్యుత్ కారులో శక్తి అయిపోతే ప్రయాణం ఆగిపోతుంది. తప్పు వెంటనే తెలుస్తుంది. హైబ్రిడ్ కారులో ఇంజను నిశ్శబ్దంగా ఆ లోటు పూడుస్తుంది. ప్లగ్గు పెట్టడం మరచినా కారు నడుస్తూనే ఉంటుంది. యూరోపియన్ కమిషన్ 2024 మార్చిలో ఒక నివేదికను ప్రకటించింది. 2021లో నమోదైన ప్లగ్-ఇన్ హైబ్రిడ్ కార్లు రహదారిపై వెలువరించిన కార్బన్ డై ఆక్సైడు, ప్రయోగశాల లెక్క కంటే సగటున మూడున్నర రెట్లు ఉన్నదని అందులో తేలింది. జనులు అనుకున్నంతగా బ్యాటరీని నింపకపోవడం, విద్యుత్తుతో నడపకపోవడం దీనికి ముఖ్య కారణం. అధికారిక లెక్క కేవలం యంత్రాన్ని గూర్చిన అంచనా కాదు. మనిషి అలవాటును గూర్చిన అంచనా కూడా. అది తప్పినప్పుడు ఆ భారం అందరూ పీల్చే గాలిపై పడింది.

అంచనాను తిట్టడం వల్ల ప్రయోజనం లేదు. దానిని చదవడం నేర్చుకోవాలి. ఒక రోజు అంకెను కాక కొన్ని వారాల సగటును చూడాలి. వేసవిని వేసవితోను, శీతాకాలాన్ని శీతాకాలంతోను పోల్చాలి. చలిదేశాలలో ప్లగ్గు తీయకముందే కారును వెచ్చబరచుకోవాలి. టైర్లలో గాలి సరిచూసుకొని, వేగాన్ని అదుపులో ఉంచుకోవాలి. అన్నిటికంటే ముఖ్యంగా, ఇల్లు చేరగానే ప్లగ్గు పెట్టడం మరువరాదు. తెరపై అంకె నిన్న మనం నడిచిన తీరును చెబుతుంది. రేపటి అంకె ఎలా ఉండాలన్నది చాలవరకు మన చేతిలోనే ఉన్నది.

అభ్యాసం

1. నిండు బ్యాటరీకి ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క అంకె ఎందుకు కనిపిస్తుంది? వివరించండి.
2. బ్యాటరీ ఆరోగ్యాన్ని కిలోమీటర్లతో కాక యూనిట్లతో ఎందుకు పరీక్షించాలి?
3. ‘అధికారిక లెక్క మనిషి అలవాటును గూర్చిన అంచనా కూడా’ - ఈ వాక్యాన్ని సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.