గడువు దాటితే పరిహారం గల్లంతే

విశాఖపట్నం: శస్త్రచికిత్స వికటించినప్పుడు బాధిత కుటుంబాలు మొదట ఆశ్రయించేది పెద్దమనుషులనే. ఆసుపత్రి వారితో మాటలు మొదలవుతాయి. ‘చూద్దాం, చేద్దాం’ అన్న హామీలతోనే ఏడాది తిరిగిపోతుంది. రాజీ మాటలు నడుస్తున్నంత మాత్రాన చట్టం విధించిన గడువు ఆగదన్న సంగతి చాలామందికి తెలియదు.

రుసుము తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం పరిధిలోకి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే తేల్చిచెప్పింది. ఎవరి వద్దా రుసుము తీసుకోని ఆసుపత్రులకు ఇది వర్తించదు. 2019 నాటి చట్టం ప్రకారం, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. ఆలస్యానికి తగిన కారణం చూపితే కమిషన్ మన్నించవచ్చు. అయితే అది దాని విచక్షణే తప్ప బాధితుల హక్కు కాదు. బాధితులు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు దాఖలు చేసే వెసులుబాటు కూడా ఈ చట్టం కల్పించింది.

రెండేళ్లు ఏ రోజు నుంచి లెక్కించాలన్నదే అసలు చిక్కు. లోపం వెంటనే బయటపడితే ఆనాటి నుంచే. కడుపులో గాజుగుడ్డ మరచిపోవడం వంటివైతే, ఆ సంగతి తెలిసిన లేదా శ్రద్ధ వహిస్తే తెలిసి ఉండాల్సిన రోజు నుంచి. మహారాష్ట్రలో ఒక నర్సుకు 1993లో పిత్తాశయ శస్త్రచికిత్స జరిగింది. లోపల గాజుగుడ్డ ఉందని 2002లో బయటపడగా, ఆమె 2004లో ఫిర్యాదు చేశారు. తొమ్మిదేళ్లు నొప్పి అనుభవిస్తూ కూడా శస్త్రచికిత్స చేసిన వైద్యుడిని సంప్రదించలేదంటూ 2010లో సుప్రీంకోర్టు ఆ ఫిర్యాదును కాలాతీతమని తోసిపుచ్చింది. నొప్పిని ఓర్చుకోవడం మన ఇళ్లలో ఆడవారికి అలవాటే. ఆ ఓర్పే ఆమెకు శాపమైంది.

కేసు షీటు కోసం లిఖితపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్ల పాటే ఆ రికార్డులను భద్రపరచాలన్నది నిబంధన. కాబట్టి వాటిని ముందే తీసుకోవడం మేలు.

రోడ్డు ప్రమాదాల క్లెయిములకు 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు అమల్లోకి వచ్చింది. దీనిపై దాఖలైన సవాలును విచారిస్తూ, ఆలస్యమైందన్న కారణంతో పిటిషన్లను కొట్టివేయవద్దని 2025 నవంబరులో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులిచ్చింది. రైలు ప్రమాదాలకు గడువు ఏడాది.

విశాఖకు బాగా తెలిసిన ఉదంతం మరొకటుంది. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌.ఆర్‌.వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ వాయువు వెలువడి 12 మంది మరణించారు. మర్నాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ రూ.50 కోట్లు జమ చేయాలని సంస్థను ఆదేశించింది. ఇటువంటి ఘటనల్లో ట్రిబ్యునల్‌ను పరిహారం కోరడానికి గడువు ఐదేళ్లు. తగిన కారణముంటే మరో 60 రోజులు మాత్రమే. ఆ లెక్కన మొదటి గడువు 2025 మేలో, అదనపు గడువు జులైలో ముగిశాయి. అప్పటికే దాఖలైన కేసులకు ఇబ్బంది లేదు. అనారోగ్యం తర్వాత బయటపడిన వారికి మాత్రం, కారణం ‘మొదట’ తలెత్తిన నాటి నుంచే లెక్క అన్న చట్టంలోని మాట పెద్ద అడ్డంకి.

మహిళలు, చిన్నారులు, ఎస్సీ, ఎస్టీలు, పారిశ్రామిక కార్మికులతో పాటు పారిశ్రామిక విపత్తు బాధితులకు కూడా ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. ఇందుకోసం జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు చేసుకోవాలి.