తప్పిన ప్రమాదాలకు లెక్క

వీపనగండ్ల నుండి పెబ్బేరుకు పోయేవారికి అక్కడ 44వ జాతీయ రహదారి ఎదురవుతుంది. ఒకవైపు హైదరాబాదు, కర్నూలుల మధ్య పరుగెత్తే లారీలు. మరొకవైపు గడ్డిమోపు కట్టుకొన్న సైకిలు, పుస్తకాల సంచితో బడిపిల్ల సైకిలు. ఇటువంటి చోట్ల "వెంట్రుకవాసిలో తప్పింది" అనే మాట తరచు వినిపిస్తుంది. అన్నవారు మరుక్షణమే దానిని మరచిపోతారు. ఠాణా పుస్తకంలో గాని, ఆసుపత్రి చీటీలో గాని అది ఎక్కదు. అయినప్పటికీ ఒక కూడలి ఎంత అపాయకరమైనదో తెలిసికొనుటకు ఆ తప్పిపోయిన ప్రమాదాలే మేలైన సాక్ష్యం.

ఒకే చౌరస్తాలో ఏడాదికి జరిగే ప్రమాదాలు, అదృష్టవశాత్తు, కొద్ది. ఒక ఏడు మూడు జరిగి, మరుసటి ఏడు ఒక్కటీ జరుగకపోతే కూడలి బాగుపడినదని చెప్పలేము. అది యాదృచ్ఛికం కావచ్చును. నమ్మదగిన సంఖ్య చేతికి వచ్చుటకు ఎన్నో ఏండ్లు కనిపెట్టుకొని ఉండవలె. అనగా ఇంకా కొందరు గాయపడువరకు వేచియుండుట! వెంట్రుకవాసి సంఘటనలైతే ఒక్క ఉదయంలోనే అనేకం కనిపించవచ్చును.

1960ల చివర అమెరికాలో జనరల్ మోటార్స్ పరిశోధకులు పెర్కిన్స్, హారిస్ అనువారు ఈ లెక్కకు దారి తీసినారు. కూడలిలో ఏ బండి ఉలిక్కిపడి బ్రేకు వేసినదో, ఏది పక్కకు తప్పుకొన్నదో వారు గుర్తించినారు. తరువాత స్వీడన్‌లోని లుండ్ విశ్వవిద్యాలయంలో హైడెన్ ప్రభృతులు ఈ పద్ధతిని పెంపొందించినారు. కాని రోడ్డు పక్క నిలుచున్న మనిషికి కన్ను అలసిపోతుంది; ఇద్దరు చూస్తే రెండు విధాలుగా వ్రాస్తారు. వీడియో ఈ చిక్కును చాలవరకు తీర్చినది.

అందులో ముఖ్యమైన కొలత చాల సులభం. సైకిలు దాటిపోయిన చోటికే కొంతసేపటికి లారీ వచ్చును. సైకిలు వెనుక చక్రం ఆ చోటు విడిచినప్పటి నుండి లారీ ముందు భాగం అక్కడికి చేరువరకు గడచిన కాలాన్ని 'ఎడకాలం' అనుకొందము. వీడియో అనగా సెకనుకు 30 నిశ్చలచిత్రాల వరుస. 412వ చిత్రంలో సైకిలు ఆ చోటు విడిచి, 448వ చిత్రంలో లారీ అక్కడికి చేరినదనుకొనుడు. తేడా 36 చిత్రాలు, ఎడకాలం 1.2 సెకనులు.

లారీ గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అనగా సెకనుకు 10 మీటర్ల చొప్పున వస్తున్నదనుకొంటే, సైకిలు తొలగిన క్షణాన అది 12 మీటర్ల దూరంలో ఉన్నది. ఆ క్షణంలోనే పిల్ల జారిపడి ఉంటే? డ్రైవరు చూచి బ్రేకు తొక్కుటకు ఒక్క సెకను పట్టినా 10 మీటర్లు పోయినవి. వేగం ప్రతి సెకనుకు 5 మీటర్ల చొప్పున తగ్గితే, ఆగుటకు మరి 10 మీటర్లు కావలె. మొత్తం 20; ఉన్నవి 12. లారీ ఆమెను చేరునప్పటికి ఇంకా గంటకు 32 కిలోమీటర్ల వేగంతో ఉండును. చూచినవారికి "ఏమీ జరుగలేదు" అనిపించిన సంఘటన ఇది.

ఎడకాలం ఒక్కటే చాలదు. మన బజార్లలో వాహనాలు ఒకదానినొకటి రాసుకొంటూ నెమ్మదిగా పోతూనే ఉంటవి. అక్కడ ఎడకాలం చిన్నదైనా అపాయం తక్కువ. గంటకు 40 కిలోమీటర్లతో పోయే బండికి 10 కిలోమీటర్లతో పోయేదాని కంటె గతిశక్తి 16 రెట్లు. కావున వేగాన్ని కూడ కొలువవలె. దూరపు వస్తువులు చిత్రంలో చిన్నవిగా, నెమ్మదిగా కదలునట్లు కనిపించును గనుక, ముందుగా రోడ్డుపై నాలుగు గుర్తుల మధ్య దూరాలను టేపుతో కొలిచి, చిత్రాన్ని పైనుండి చూచిన పటంగా మార్చుకొంటారు.

ఇక యంత్రం సైకిలును గుర్తుపట్టవలె గదా! ఐరోపా వీధుల చిత్రాలతో నేర్చిన యంత్రానికి ఆటోరిక్షా కొత్త. అందుకే హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ, ఇంటెల్ సంస్థలు హైదరాబాదు, బెంగుళూరు ప్రాంతాల రోడ్లపై తీసిన 10,000 చిత్రాలలో ఒక్కొక్క వస్తువుకు పేరు గుర్తించి, 2018లో పరిశోధకులకు అందించినవి. ఆ పేర్లలో సైకిలు, ఆటోరిక్షా, జంతువు ఉన్నవి. గడ్డిమోపు చాటున చక్రాలు మాత్రమే కనిపించే సైకిలును ఏమని పిలువవలెనో తేల్చుకొనుట ఏ యంత్రానికైనా కష్టమే.

అంతకంటె పెద్ద చిక్కు మరుగు. ఎడమకు మలుపు తిరిగే బస్సుకు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిన రావు, అంచుకు మరింత దగ్గరగా కోసుకొని వచ్చును. ఆ సందులో నేరుగా పోదలచిన సైకిలు చిక్కుకొంటుంది. సరిగ్గా అప్పుడే బస్సు దానిని కెమెరాకు కనబడకుండ కప్పివేస్తుంది! అందుచేత రెండు వైపుల నుండి, ఎత్తు నుండి చిత్రించుట అవసరం.

కెనడాలోని మాంట్రియల్ పరిశోధకులు ఇటువంటి వీడియోలతోనే ప్రత్యేక సైకిలు దారులను పరీక్షించి, 2016లో ఫలితాలు ప్రకటించినారు. కుడివైపు సైకిలు దారి ఉన్న కూడళ్ళు, అది లేనివాటికంటె క్షేమకరమని, ఎడమవైపు ఉన్నచోట అంత స్పష్టమైన మేలు కనిపించలేదని తేలినది. అక్కడ వాహనాలు కుడివైపున నడుస్తవి. కావున మన రోడ్లతో పోల్చునప్పుడు ఆ చిత్రాన్ని అద్దంలో చూచినట్లు తిప్పుకోవలె.

ఉన్నత పాఠశాలలో దీనిని చిన్న ప్రయోగంగా చేయవచ్చును. పిల్లలు రోడ్డుపైకి పోకుండ, ఉపాధ్యాయుడు మేడపై నుండి ఫోనుతో బడి విడిచే వేళ అరగంట చిత్రించవలె; ముఖాలు, నంబర్లు తెలియనంత దూరం నుండి తీయుట మర్యాద. విద్యార్థులు ఒక్కొక్క చిత్రం జరుపుతూ 2 సెకనులకు లోపడిన ఎడకాలాలను పట్టికలో వ్రాయవచ్చును. అవి ఒకే మూలలో గుంపుగా కనిపిస్తే ఆ పట్టికను పంచాయతీకి చూపవచ్చును. మలుపు అంచును బిగించుట వలన గాని, చిన్న మిట్ట వేయుట వలన గాని బండ్ల వేగం తగ్గును. పని జరిగిన పిమ్మట అదే మేడ నుండి, అదే వేళకు మరల అరగంట చిత్రించి, రెండు పట్టికలను పక్కపక్కన పెట్టి చూడవలె.