వార్తల్లో పదం: కార్పస్ ఫండ్

బిల్డర్లకూ ఫ్లాట్ల యజమానుల సంఘాలకూ మధ్య వివాదాల వార్తల్లో తరచూ వినిపించే మాట ఇది. అపార్ట్‌మెంట్‌కు ముందుముందు వచ్చే పెద్ద ఖర్చుల కోసం యజమానులంతా కలిపి ఉంచుకునే మూలనిధే కార్పస్ ఫండ్.

సాధారణంగా ఫ్లాటు అప్పగించేటప్పుడు చదరపు అడుగుకు ఇంత అని బిల్డరే దీన్ని ఒకేసారి వసూలు చేస్తారు. సంఘం ఏర్పడ్డాక లెక్కలతో సహా దానికి అప్పగించాలి. వివాదాలు ఎక్కువగా పుట్టేది ఇక్కడే. కొనుగోలుదారుల సంఘం ఏర్పడేలా చూడాల్సిన బాధ్యతను 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) బిల్డర్‌పైనే పెట్టింది.

ఈ సొమ్మును సంఘాలు ఎక్కువగా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తాయి. వాచ్‌మన్ జీతం, మెట్ల దగ్గరి లైట్ల కరెంటు బిల్లు నెలనెలా కట్టే మెయింటెనెన్స్‌లోంచి వెళ్తాయి. లిఫ్టు మార్చడం, టెర్రస్ లీకేజీ ఆపించడం, భవనమంతటికీ రంగులు వేయించడం కార్పస్‌తో చేసే పనులు. డిపాజిట్‌లోని అసలు మొత్తాన్ని ముట్టుకోవాలంటే సర్వసభ్య సమావేశం ఒప్పుకోవాలని చాలా సంఘాల బైలాస్‌లో ఉంటుంది.

నిధి ఖాళీగా ఉంటే, లిఫ్టు చెడిన రోజున ఇంటింటికీ పెద్ద మొత్తం ఒకేసారి అడగాల్సి వస్తుంది. పింఛనుతో బతికే కుటుంబాలకు అది మోయలేని భారం. అందుకే పాత ఫ్లాటు కొనేవారు ధరతోపాటు కార్పస్‌లో నిల్వ ఎంతుందో, తమ వాటా తమ పేరుకు మారుతుందో లేదో సంఘాన్ని రాతపూర్వకంగా అడగడం మంచిది.