కాంక్రీటు కట్టడములకు నీటి వలన చేటు – నివారణ

నల్లగొండ జిల్లావారికి నీరు అనగానే మొదట గుర్తునకు వచ్చునది దాని కొరత. ఏడాదికి 700, 750 మిల్లీమీటర్ల వాన కురిసినచో అది మంచి సంవత్సరమని తలచువారము మనము. ఇట్టి మెట్ట ప్రాంతములో నీటి వలన కట్టడములు పాడగుచున్నవని చెప్పిన వినువారికి వింతగా తోచవచ్చును. కాని నార్కట్‌పల్లి కూడలి నుండి ఏ దిక్కునకు పోయి చూచినను, ఇరువది ముప్పది ఏండ్ల క్రిందట వేసిన స్లాబులలో అనేకము లోపలివైపు నల్లని మరకలతో, పెచ్చులూడి, తుప్పు పట్టిన చువ్వలు బయటపడి కనిపించును. అవి బడులు కావచ్చును, మసీదులు కావచ్చును, గుడి మండపములు, పంచాయితీ కార్యాలయములు కావచ్చును. వాన తక్కువ గనుక మనవారికి ఈ విషయమున శ్రద్ధయు తక్కువ. మృగశిర కార్తెలో గదిలో బొట్టు రాలినప్పుడు క్రింద బకెట్టు పెట్టుదురు. దీపావళి దాటగానే ఆ బకెట్టును, బొట్టును కూడ మరచిపోవుదురు.

మేము తెలుగు బోధించువారము, ఇంజనీరులము కాము. ఐనను చందాలు పోగుచేసి కట్టించిన కట్టడమును కాపాడుకొనవలసినవారు దానిని వాడుకొనువారే గనుక, మన విద్యార్థులకును పాలకవర్గము వారికిని పనికివచ్చునను తలంపుతో ఈ విషయమును వివరింప బూనుకొన్నాము.

సిమెంటు, ఇసుక, కంకర, నీరు కలిసి కాంక్రీటగును. గట్టిపడిన పిమ్మట అది రాయివలె కనిపించును గాని రాయి కాదు. దానిలో కంటికి కానరాని సూక్ష్మ రంధ్రములు అసంఖ్యాకముగా ఉండును. ఈ రంధ్రములు ఎక్కడనుండి వచ్చినవి? సిమెంటు గట్టిపడుట యనగా బట్ట ఆరినట్లు ఆరుట కాదు. అది నీటితో సిమెంటు కలిసి జరుగు రసాయన చర్య. ఆ చర్యకు కావలసిన నీరు స్వల్పమే. మాలు జారుటకై అదనముగా పోసిన నీరు నెమ్మదిగా ఆవిరియై పోవుచు, తాను నడచిన త్రోవలను అట్లే విడిచిపోవును. రేపటి వాననీరు లోనికి వచ్చునది ఆ త్రోవలనే. కావున స్లాబు కారుట వానాకాలములో మొదలగుట లేదు. స్లాబు వేసిన నాడే మొదలగుచున్నది.

భారతీయ ప్రమాణముల సంస్థవారి కాంక్రీటు నియమావళి (456వ సంఖ్య గలది, 2000 సంవత్సరపు ప్రతి) ప్రకారము వానకు తడియు ఇనుప కాంక్రీటులో సిమెంటు బరువునకు నీటి బరువు సగమునకు మించరాదు. అనగా 50 కిలోల బస్తాకు 25 లీటర్లు. ఇసుకలో ముందే ఉన్న తడి కూడ ఈ లెక్కలోనిదే. మన ఊళ్ళలో ఈ కొలతను పాటించువారు ఎందరు? మధ్యాహ్నపు ఎండలో తట్టలు మోసి అలసిన కూలీలకు పలుచని మాలు సులభము. "ఇంకొక బకెట్టు పొయ్యి" అని మేస్త్రీ కేక వేయును. తప్పు మేస్త్రీది మాత్రమే యని మేము అనజాలము. కొలపాత్ర ఇయ్యని యజమాని, సాయంత్రములోగా పని ముగియవలెనను తొందర, ఇవియు కారణములే. తెల్లవారుజామున పని మొదలుపెట్టి, కొలిచిన నీరు పోసి, వైబ్రేటరుతో కూరినచో ఈ బాధ చాలవరకు తొలగును. కూరుట సరిగా లేక కాంక్రీటులో నూటికి 5 పాళ్ళు ఖాళీ మిగిలినను దాని బలము ఇంచుమించు 30 పాళ్ళు తగ్గును.

ఇక స్లాబు బిగిసిన పిమ్మట నీటి విషయములో పొదుపు పనికిరాదు. మామూలు సిమెంటునకు 7 దినములు, బూడిద కలిసిన సిమెంటునకు 10 దినములు తక్కువ కాకుండ తడి నిలుపవలెనని నియమావళి చెప్పుచున్నది. మనవంటి ఎండ ప్రాంతములలో ఏ సిమెంటుకైనను 10 దినములు కావలెను. వరిమడి కట్టినట్లు స్లాబు మీద చిన్న గట్లు పోసి నీరు నిలుపు పాత పద్ధతి నేటికిని ఉత్తమమే. కలుపునప్పుడు లోభము, తడుపునప్పుడు ఔదార్యము కావలసి ఉండగా, మనవారు సరిగా దీనికి విరుద్ధముగా చేయుచున్నారు.

నీరు లోనికి పోయిన ఏమగును? గోడ మీద మరక పడుటయే నష్టమైన సున్నము కొట్టించి ఊరకుండవచ్చును. అసలు ముప్పు లోపలి ఇనుమునకు. మంచి కాంక్రీటు గాఢమైన క్షారగుణము కలది. ఆ క్షారములో ఉన్నంతకాలము చువ్వ మీద ఒక పలుచని రక్షణ పొర నిలుచును, తుప్పు పట్టదు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు తేమతో కలిసి రంధ్రముల గుండ లోనికి చేరినకొలది ఈ క్షారము క్షీణించును. నీటితో ఉప్పు చేరినచో క్షారము క్షీణింపకున్నను ఆ పొర చెడును. అప్పుడు ఇనుము తుప్పుగా మారి, తన మొదటి పరిమాణమునకు రెండు మొదలు ఆరు రెట్ల వరకు ఉబ్బును. రాతిలో కొట్టిన తడికొయ్య ఉబ్బి రాతిని చీల్చినట్లు, ఈ తుప్పు కాంక్రీటును లోపలినుండి పగులగొట్టును. పగులు వెంట మరింత నీరు, నీటి వెంట మరింత తుప్పు. పిల్లల తలల మీద పెచ్చు రాలు దినమునకు ఈ వ్యాధి మొదలై ఏండ్లు గడచి ఉండును.

అందుచేతనే చువ్వకును బయటి గాలికిని నడుమ కాంక్రీటు పొర తగినంత మందముండవలెను. వానకు తడియు స్లాబునకు అది 30 మిల్లీమీటర్లు. సెంట్రింగు మీద చువ్వలను నేరుగా పరచి, మాలు పోయునప్పుడు పైకి లాగుదుములే యని చెప్పు మాటను నమ్మరాదు. క్రింద సిమెంటు బిళ్ళలు అమర్చిన పిమ్మటనే మాలు పోయనియ్యవలెను. ఈ బిళ్ళల ఖర్చు చాయ్ ఖర్చుకంటె తక్కువ.

ఇక్కడ మన జిల్లా నీటిని గూర్చి ఒక మాట. నల్లగొండ నీరు అనగానే ఫ్లోరైడు స్ఫురించును. మన తండ్రుల ఎముకలను వంచిన ఆ నీరు కాంక్రీటును కూడ తినివేయునని చాలమంది అనుకొందురు. అది నిజము కాదు. మన బావులలో ఉండు కొద్దిపాటి ఫ్లోరైడు సిమెంటులోని కాల్షియముతో కలిసి నీటిలో కరుగని పదార్థమగును. కాంక్రీటు నేలలను గట్టిపరచుటకు సిలికోఫ్లోరైడు ద్రావణములను పూయు పద్ధతి కూడ కలదు. మనిషికి శత్రువైనది స్లాబునకు శత్రువు కాదన్నమాట. స్లాబునకు శత్రువు క్లోరైడు, అనగా ఉప్పు. తాగునీటిలో వేరు గతి లేనప్పుడు లీటరునకు 1000 మిల్లీగ్రాముల వరకు క్లోరైడును సహింపవచ్చునని తాగునీటి ప్రమాణము అనుమతించుచుండగా, ఇనుము గల కాంక్రీటును కలుపు నీటిలో 500 మించరాదు. "తాగు నీరైన చాలును" అను మాట సాధారణముగా సరియైనదే గాని, ఉప్పగా ఉండు బోరు నీటికి వర్తింపదు. కట్టడము మొదలిడుటకు ముందు ఒక సీసాడు నీటిని పరీక్షా కేంద్రమునకు పంపుట చిన్న పని.

"మా తాతల నాటి ఇల్లు నూరేండ్లు నిలిచినది, ఈ స్లాబు ఇరువది ఏండ్లకే ఎందుకు పాడైనది?" అని పెద్దలు అడుగుదురు. న్యాయమైన ప్రశ్న. గానుగలో నూరిన డంగు సున్నము, సుర్ఖీ, బెల్లపు నీరు, కరక్కాయ రసము కలిపి వేసిన గచ్చు గొప్పదే. (గచ్చు అను మాట ఫారసీ నుండి ఉర్దూకును తెలుగునకును ఉమ్మడిగా వచ్చినది. సుర్ఖీలోని 'సుర్ఖ్' అనగా ఎరుపు. అది ఇటుక పొడి గదా. ఇక ఉర్దూవారి 'పర్నాలా' సంస్కృత 'ప్రణాల'మే.) కాని రహస్యము బెల్లములో లేదు. ఆ కప్పులలో తుప్పు పట్టుటకు ఇనుప చువ్వల వల లేదు. నీరు తగిలినను గచ్చు తడిసి మరల ఆరును. పైగా వారు కప్పునకు వాలు పెట్టిరి, తూములు పెట్టిరి, ఏటేట మరమ్మతు చేసిరి. మనము ఇనుమును పెట్టి, వాలును మరచితిమి.

నీటిని పూర్తిగా అడ్డగించుట కాదు, దానికి దారి చూపుట ముఖ్యమను సంగతి మన జిల్లాలోనే ఒక మహా కట్టడము చూపుచున్నది. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమును మన విద్యార్థులలో చూడనివారు అరుదు. దాని ప్రధాన ఆనకట్ట రాతి కట్టడము. పునాది నుండి ఎత్తు ఇంచుమించు 124 మీటర్లు. అంత నీరు వెనుక నిలిచినప్పుడు ఊట బొత్తిగా లేకుండ ఆపుట ఎవరి తరము కాదు. అందుచే ఇట్టి ఆనకట్టల కడుపులో నడవలు విడిచి, ఊరు నీటిని రంధ్రముల ద్వారా అక్కడికి రప్పించి, కొలిచి, బయటికి పంపుదురు. కొలత హఠాత్తుగా పెరిగినను ప్రమాదమే. అకారణముగా తగ్గినను అనుమానమే, రంధ్రము పూడినదేమో యని. దారి లేని నీరు లోపల ఒత్తిడియై కట్టడమును పైకెత్తజూచును.

నీరు పైనుండియే కాదు, అడుగునుండియు పని చేయును. 2023 అక్టోబరు 21న గోదావరి మీది మేడిగడ్డ బ్యారేజి 7వ బ్లాకులో స్తంభములు కుంగినవి. పరిశీలించిన జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ చెప్పిన కారణములలో పునాది క్రింది ఇసుక నీటితో కొట్టుకొనిపోవుట ఒకటి. మన చిన్న కట్టడములకు ఇంత ముప్పు లేదు గాని, తూము నీరు తిన్నగా గోడ మొదట పడుచున్న చోట, అందులోను నల్లరేగడి నేలలో, పునాది కదలి గోడలు బీటలువారుట అందరు ఎరిగినదే. గోడ చుట్టు మూడడుగుల వెడల్పున బయటికి వాలుగా నాపరాళ్ళు పరచిన ఈ బెడద తగ్గును.

ఇప్పటికే కారుచున్న కప్పునకు ఏమి చేయవలెను? లోపలివైపు సిమెంటు పూత పూయుట వ్యర్థము. నీరు లోపలనే నిలిచి ఇనుమును మరింత తినును. చికిత్స పైనుండి జరుగవలెను. ముందుగా తూములలోని ఆకులు, పక్షి గూళ్ళు తీయవలెను. సగము స్లాబుల వ్యాధి ఇంతే. తరువాత పిట్టగోడయు స్లాబును కలియు చోటును, నీళ్ళ ట్యాంకు పైపుల మొదళ్ళను చూడవలెను. పగుళ్ళలో మొలచిన రావి మొక్కలను కోయక వేళ్ళతో తీయవలెను. 100 అడుగులకు ఒక అడుగు వంతున, అనగా 20 అడుగుల కప్పునకు సుమారు రెండున్నర అంగుళముల వాలు తూము వైపు రావలెను. అది లేనిచోట ఎంత ఖరీదైన రసాయనము పూసినను నీరు నిలిచి, ఎండకు పూత చిట్లి, డబ్బు వృథా యగును. ప్రతి ఏడు పూతకు పెట్టు ఖర్చును ఒక్కసారి వాలునకు పెట్టుట మేలని పాలకవర్గము వారికి మా మనవి.

కప్పు లోపల తెల్లని చారలు కారినచో లోని సున్నము కరగి వచ్చుచున్నదని గుర్తు. గోధుమరంగు గీత చువ్వ పొడవునా కనిపించిన తుప్పు మొదలైనదని గుర్తు. కర్రతో తట్టినప్పుడు డొల్ల శబ్దము వచ్చిన పెచ్చు విడిపోయినదని అర్థము. అట్టి చోట చువ్వ వెనుకవరకు చెక్కి, తుప్పును తళతళలాడు వరకు గీకి, తుప్పు నిరోధించు పూత పూసి, తగిన మిశ్రమముతో పూడ్చవలెను. చువ్వ పలుచబడినను, స్లాబు వంగినట్లు తోచినను మేస్త్రీతో సరిపెట్టుకొనక ఇంజనీరును పిలువవలెను. వారు వచ్చి చూచువరకు ఆ గదికి తాళము వేయవలెను. గది కొరత యని పిల్లలను అక్కడనే కూర్చుండబెట్టుట ఎంతమాత్రము తగదు.

వాలు సరియై, తూములు శుభ్రమైన పిమ్మట మరియొక లాభము కలదు. 100 చదరపు మీటర్ల కప్పు మీద ఏడాదికి 700 మిల్లీమీటర్ల వాన పడినచో అది 70,000 లీటర్ల నీరు. అందులో మన భూగర్భజలములోని ఫ్లోరైడు లేదు. ఆవిరియై పోవునది, మొదటి వానలో కప్పు కడిగి విడుచునది తీసివేసినను చాల మిగులును. దానిని గొట్టముతో దించి, కంకర ఇసుకల గుండ వడగట్టి తొట్టిలో నిలుపవచ్చును. ఆ తొట్టియు కాంక్రీటుతోనే కట్టుదురు. నీరు నిలుపు కట్టడములకు నియమము మరింత కఠినము: అక్కడ బస్తా సిమెంటుకు 22.5 లీటర్లు మించరాదు.